మట్టల ఆదివారానికి క్లచ్ ప్లేటు

క్రీస్తురాజు వాళ్ళమ్మను మట్టి చేయడానికి తీసుకుపోతున్నాం. సమాధుల తోట ఇంకా అర కిలోమీటరు ఉందనగా నా బండి కదలడం మానేసింది. ఇంజను తిరుగుతూనే ఉంది. గేరు వేసే ఉంది. క్లచ్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేశాను. అయినా చక్రాలు కదల్లేదు. మొదట జుట్టూ పాత రబ్బరూ కలిపి కాల్చినట్టు వాసన వచ్చింది. తరవాత కింది నుంచి సన్నగా పొగ లేచింది.

ముందు పాడుతూ నడుస్తున్నవాళ్ళు పది అడుగులు పోయాక వెనక్కి చూశారు. పాట చరణం మధ్యలో తెగిపోయింది.

దిగి నిలబడ్డాను. క్రీస్తురాజే వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"పోనీ సార్. మా యమ్మకు బండ్లంటే మొదట్నించీ పడదు. నాయుడుపేట సంతకు గూడా నడిచే పొయ్యేది. ఇప్పుడు మాత్రం ఎందుకు ఎక్కుద్ది?"

తల్లి పోయినవాడు నన్ను ఓదార్చాడు. ఎనిమిది మంది పెట్టెను భుజాలకెత్తుకున్నారు. పాట తెగిన చోటి నుంచే మళ్ళీ అందుకున్నారు. నేను బండిని అక్కడే వదిలేసి వాళ్ళ వెనక నడిచాను.

ఆ రోజు శుక్రవారం. మట్టల ఆదివారం ఇంక తొమ్మిది రోజులుంది.

మా పాలెం చిట్టమూరు మండలంలో, సముద్రం వైపు ఉంటుంది. ఊరి చుట్టూ రొయ్యల గుంటలు. నేను బి.ఎస్సీ. చదివి, పాతికేళ్ళు ఒక మేత కంపెనీలో గుంటలు చూసే ఉద్యోగం చేశాను. అది మానేసి ఈ డీజిల్ పికప్పు కొనుక్కున్నాను. రోజూ పొద్దున నాయుడుపేటలో మేత బస్తాలు ఎత్తుకుని, మధ్యాహ్నం పైటాలకల్లా గుంటల దగ్గర దించుతాను. ఉద్యోగం పోయినా పాత పిలుపు పోలేదు. అందరికీ నేను బెన్హర్ సార్‌నే.

మట్టల ఆదివారం సంగతి కూడా చెప్పాలి. నా భార్య మగ్దలీనమ్మ చివరి రెండేళ్ళు నడవలేకపోయింది. యేసు గాడిదనెక్కి వచ్చిన రోజును తలుచుకుంటూ మట్టలు పట్టుకుని ఊరంతా తిరిగే ఊరేగింపు ఆమెకు ఏడాది మొత్తంలో ఇష్టమైన రోజు. ఒక ప్లాస్టిక్ కుర్చీని బండి వెనక తాడుతో కట్టి ఆమెను కూర్చోబెట్టాను. అది చూసి మోకాళ్ళ నొప్పులతో అరుగుల మీద కూర్చున్న మరో ముగ్గురు ముసలమ్మలు "మమ్మల్నీ ఎక్కించుకో" అన్నారు. బండి కుదిపితే మగ్దలీనమ్మ కాబిన్ రేకు మీద ఉంగరంతో రెండు సార్లు కొట్టేది. అంటే మెల్లగా పొమ్మని. ఆ ఏడాది వానలకు ఆమె పోయింది. కుర్చీలు మాత్రం ఆగలేదు. ఈ నాలుగేళ్ళలో అవి ఆరు అయ్యాయి.

శనివారం ఉదయం ఒక ట్రాక్టరు నా బండిని నాయుడుపేట దాకా లాక్కొచ్చింది. హజరత్తయ్య షెడ్డు హైవే పక్కనే ఉంటుంది. ఆయన పుట్టకముందు వాళ్ళమ్మ దర్గాలో మొక్కుకుంటే పుట్టాడట, అందుకని ఆ పేరు. ముప్పై ఏళ్ళుగా బండ్ల కింద పడుకునే బతుకుతున్నాడు. మాట మాత్రం నిలబడే మాట్లాడతాడు.

మధ్యాహ్నానికి గేర్‌బాక్సు దించి, క్లచ్ ప్లేటు బయటికి తీసి నా చేతిలో పెట్టాడు. నల్లగా, అద్దంలా మెరుస్తోంది.

"సార్, ఇది బరువు మోసి చచ్చిన ప్లేటు గాదు."

"రోజూ టన్నున్నర మేత లాగుతోంది గదా హజరత్తయ్యా. కాలవ వంతెన ఎక్కుడు ఒకటి."

"బరువుకు పోతే ఈ స్ప్రింగులు ఊడుంటయ్. చూడు, కొత్త పెళ్ళికూతురి గాజుల మాదిరి ఎట్లుండాయో. ముఖం మాత్రం మాడిపోయింది. ప్లేటు ఆనే ఫ్లైవీలు మీద నీలం మచ్చలు చూసినావా? ఇది వేడికి చచ్చింది. నిజం చెప్పు, దీన్ని యాడ నడిపిస్తా ఉండావు?"

"నడిపించడమేంది?"

"అదే సార్. మనుషులతో బాటు నడక."

అప్పుడు అర్థమైంది. ఊళ్ళో ఎవరు పోయినా పెట్టెను నా బండిలోనే తీసుకుపోతాం. పోయిన ఏడాది పదకొండు మందిని తీసుకుపోయాను. డబ్బు పుచ్చుకోను, నడవలేని ఆ రెండేళ్ళూ మగ్దలీనమ్మకు ఊరు చేసినదానికి అది నా వంతు. చర్చి నుంచి తోట దాకా కిలోమీటరున్నర. పాడేవాళ్ళు ముందు, బండి వెనక. ముసలివాళ్ళు ఎంత మెల్లగా నడిస్తే బండీ అంత మెల్లగా పోవాలి. ఫస్టు గేరులో కాలు వదిలేస్తే బండి వాళ్ళకంటే జోరుగా పోతుంది. అందుకని క్లచ్‌ను సగం తొక్కిపట్టి, పాకించుకుంటూ పోతాను. అదంతా చెప్పాను.

"మధ్యలో ఆపి, వాళ్ళు రవ్వంత ముందుకు పొయ్యాక మళ్ళా కదిలించొచ్చు గదా?"

"ఆపకూడదు."

"ఎందుకు?"

దానికి కొంచెం వెనక్కి పోవలసి వచ్చింది. శవాన్ని తీసుకుపోతూ దారిలో ఒకచోట దించి, ప్రాణం మళ్ళిందేమోనని చెవిలో పేరు పెట్టి మూడు సార్లు పిలిచే ఆచారం ఉంది. దింపుడు కళ్ళం అంటారు. మా ముత్తాతలు బాప్తిస్మం తీసుకున్నప్పుడు దాన్ని వదిలేశారు. వదిలేశామని పదిమందికీ తెలియాలి కాబట్టి, దారిలో ఎక్కడా దించకుండా, ఆగకుండా పోవడం మొదలుపెట్టారు. భుజాల మీద పోయినంత కాలం అది బాగానే జరిగింది. పెట్టె బండి ఎక్కాక ఆ నియమం కూడా బండి ఎక్కింది. మట్టల ఆదివారానికి అదే పద్ధతి ఎప్పుడు అంటుకుందో ఎవరికీ గుర్తు లేదు. చర్చి దగ్గర బండి కదిలిందంటే మళ్ళీ చర్చి దగ్గరే ఆగాలి.

హజరత్తయ్య గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అంతా విన్నాడు. నవ్వలేదు. అది నాకు నచ్చింది.

"భుజాల మీద పొయ్యేటప్పుడు అలిసినోడు పక్కోడికి ఇస్తాడు గదా సార్. నీ బండికి భుజం మార్చేదానికి ఎవురుండారు?"

లేచి టీ కొట్టుకు పోయాను.

టీ తాగి వచ్చేసరికి గోనెపట్టా మీద మూడు అట్టపెట్టెలు పరిచి ఉంచాడు.

"ఇది కంపెనీది. నీ బండికి ముందున్నదే. మెత్తగా ఉంటది, మోకాలు సుఖం. కానీ నువ్వేసే బరువుకు రెండేళ్ళకు మళ్ళా నా కాడికి వస్తావు. ఇది బటన్ ప్లేటు. సెరామిక్. ట్రాక్టర్లకు వేస్తామే, అదే జాతి. రెండు టన్నులేసినా జారదు. కాలవ వంతెనను నీ బండి ఎగిరి దాటుద్ది. నన్నడిగితే ఇదే."

"మూడోది?"

"మూడోది మధ్యస్తం. ప్లేటు ముఖం మామూలుదే, మెత్తటి రకం. పైన అదిమి పట్టుకునే ప్రెషర్ ప్లేటు మాత్రం గట్టిది. బరువుకు జారదు. పెడల్ రవ్వంత బరువొస్తది."

బటన్ ప్లేటు చేతికి తీసుకున్నాను. చుట్టూ గుండ్రటి బిళ్ళలు, చూడ్డానికే ధైర్యంగా ఉంది. "మెల్లగా నడిపితే ఇది ఎట్లుంటుంది?" అని అడిగాను.

"మెల్లగా అనే మాట దానికి తెలవదు. పట్టుకుంటే పట్టుకుంటది, వదిలితే వదులుద్ది."

"వెనక ముసలమ్మలు కుర్చీల్లో ఉంటారు."

హజరత్తయ్య షెడ్డు లోపలికి చూశాడు. షెడ్డులో ఇటుకలు తోలే పికప్పు ఒకటి ఉంది, దానికి బటన్ ప్లేటే వేసి ఉంది. నేను చూస్తుండగానే తాను కూర్చునే ప్లాస్టిక్ కుర్చీని ఎత్తి దాని వెనక పెట్టి, పైకెక్కి కూర్చున్నాడు.

"నువ్వు నడుపు సార్. నేనే ముసలమ్మను. చూస్తాం."

"పడతావబ్బా."

"ముప్పై ఏళ్ళ మెకానిక్కును, నేను పడతానా? పోనీ."

స్టీరింగు ముందు కూర్చుని, ఎంత జాగ్రత్తగా వదలాలో అంత జాగ్రత్తగా పెడల్ వదిలాను. ఒక అంగుళం దాకా ఏమీ లేదు. తరవాత ఒక్కసారిగా పట్టుకుంది. బండి కప్పలా దూకి, వణికి, మళ్ళీ దూకింది. వెనక దబ్బుమన్న శబ్దం. దిగి చూస్తే కుర్చీ వెనక డోరుకు ఆనుకుని వెల్లకిలా ఉంది. హజరత్తయ్య పక్కరాడ్డు పట్టుకుని గొంతుకూర్చుని ఉన్నాడు. పక్క టైర్ల కొట్టువాళ్ళు చప్పట్లు కొట్టారు.

"ఏం ముసలమ్మా, ఎట్లుండాది ఊరేగింపు?" అన్నాను.

"బాగుండాది సార్. ఎక్కించుకున్నోళ్ళను ఎక్కించుకున్నట్టే సమాధుల తోటకు తీసకపోవచ్చు." మోచెయ్యి రుద్దుకుంటూ దిగాడు. "దీన్ని పెట్టెలో పెట్టేస్తా."

ఆ మాటతో నా పని తేలికైపోయింది. వారంలో ఆరు రోజులు బరువు లాగేది, ఏడో రోజు మనుషులను కుదపనిది నాకు కావాలి. మూడోదే వేయమన్నాను. పెడల్ ఎంత బరువో చూద్దామని అలాంటిదే వేసిన మరో బండి ఎక్కించాడు. ఇరవై సార్లు తొక్కి చూసుకున్నాను. నా ఎడమ మోకాలు ఏమీ అనలేదు. యాభై ఎనిమిదేళ్ళ మోకాలు ఏమీ అనకపోవడం కూడా ఒక మేలే.

ఫ్లైవీలును లేత్ మీద పెట్టించి ముఖం సాపు చేయించాడు. రిలీజ్ బేరింగు కొత్తది వేశాడు. ఆదివారం ఆరాధనకు నేను బస్సులో ఊరికి పోయి వచ్చేసరికి బండి జాకీల మీంచి దిగి నేల మీద నిలబడి ఉంది. తాళం చేతికి ఇస్తూ హజరత్తయ్య వేలు చూపించాడు.

"సార్, ఒక మాట. ఇది బరువు మోస్తది, నేను పూచీ. కానీ సగం తొక్కి నడిపించినావంటే ఇదీ మాడిపోద్ది. నడకకు నిలబడే ప్లేటు లోకంలో ఎవురూ చెయ్యలా. ఆ మరమ్మత్తు నా షెడ్డులో గాదు, మీ ఊళ్ళో చెయ్యాల."

మొదటి వారం లోడు తగ్గించమన్నాడు. తగ్గించాను. బుధవారం ముప్పై బస్తాలతో కాలవ వంతెన ఎక్కాను. ఇంతకుముందు అక్కడ ఇంజను రొద పెరిగేది, బండి జోరు పెరిగేది కాదు. ఇప్పుడు కాలు కిందికి ఎంత నొక్కితే బండి అంత ముందుకు పోయింది. వంతెన మీద వలలు ఆరేసుకుంటున్న ఇద్దరు చెయ్యి ఊపారు. వాళ్ళు ఎప్పుడూ ఊపుతారేమో, నేను ఎక్కుడు మీంచి కళ్ళు తిప్పలేక చూడలేదేమో.

బరువు సంగతి తేలిపోయింది. మిగిలింది నడక. అది తేలకపోతే ఆరు కుర్చీలు ఎక్కే దారి లేదు. ఇంకో ప్లేటును తెలిసి తెలిసి కాల్చుకోలేను. రోజు కూలికి తిరిగే బండి.

ఆ సాయంత్రమే సంఘపెద్ద సమాధానం అన్న ఇంటికి పోయాను. ఆయనకు డెబ్బై దాటాయి. పాటలు చెప్పేది ఆయనే, ఊరేగింపు నడిపించేది ఆయనే. గొంతు ఇప్పటికీ గంటలా ఉంటుంది. క్లచ్ సంగతి వివరించాను. చరణానికోసారి బండి ఆగితే చాలన్నాను.

"ఆపితే దింపుడు కళ్ళమే బెన్హరూ."

"పెట్టె కిందికి దించం గదా అన్నా. చక్రాలు ఆగుతాయి, అంతే."

"చూసేవోళ్ళకు చక్రాలా, పెట్టా? మా తాత ఆ మాట కోసం సొంత అన్నతో మాటలు మానుకున్నాడు. నువ్వొచ్చి ఇనప ప్లేటు కోసం ఆ మాట తీసెయ్యమంటావు."

ఆయన తాతను నేను తక్కువ చేయలేను. ఆ మొండితనం వల్లే మా ఊళ్ళో చర్చి నిలబడింది. కానీ ఆ తాత భుజాల మీద మోశాడు. అలిసినప్పుడు భుజం మార్చుకున్నాడు.

"అన్నా, నేను చాటుగా ఏమీ చెయ్యను. ముందే చెప్తున్నా. ఆదివారం నేను బండి ఆపుతాను. అందరి ముందరే మీరు నన్ను తిట్టండి. తిట్లు తిన్నాక ఏం చెయ్యాలో చూస్తాను."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నిండా చదివినోళ్ళతో ఇదే తంటా" అని, లోపలికి తిరిగి, "సార్‌కు మజ్జిగ తెండి" అన్నాడు. మజ్జిగలో అల్లం వేసి ఉంది. కోపంగా ఉన్న ఇంట్లో అల్లం వెయ్యరని నాకు తోచింది.

మట్టల ఆదివారం తెల్లవారింది. ఆరు కుర్చీలను పక్కరాడ్లకు తాళ్ళతో బిగించాను. ఆరుగురు ముసలమ్మలు తెల్లచీరలు కట్టుకుని, ఈత మట్టలు పట్టుకుని వచ్చారు. అందరికంటే పెద్దావిడ పోలేరమ్మ. తొంభైకి అటో ఇటో ఉంటాయి. వాళ్ళమ్మా నాన్నా చర్చిలోకి రాకముందు పెట్టిన పేరు అది. బాప్తిస్మంలో వేరే పేరు పెట్టారంటారు గానీ, అదేదో ఆవిడకే గుర్తు లేదు. ఆవిడను చేతుల మీద ఎత్తి ముందు కుర్చీలో, కాబిన్‌కు ఆనించి కూర్చోబెట్టాను. ఒకప్పుడు మగ్దలీనమ్మ కూర్చున్న చోటు అది.

"ఈసారైనా మాడు వాసన లేకుండా తిప్పుతావా అబ్బయ్యా?"

"తిప్పుతాను పెద్దమ్మా."

కాబిన్ మీద స్పీకరు కట్టారు. సమాధానం అన్న చేతిలో తీగ లేని మైకు. "హోసన్నా" అని ఆయన అనగానే పిల్లా పెద్దా మట్టలు పైకెత్తారు. ఊరేగింపు కదిలింది.

ఫస్టు గేరు వేసి, క్లచ్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేశాను. బండి కుదపకుండా, నీళ్ళలో పడవలా కదిలింది. ఇరవై అడుగుల్లో పాడేవాళ్ళ మడమల దాకా వచ్చేసింది. పాత బెన్హర్ అక్కడ పెడల్‌ను సగం తొక్కేవాడు. నేను అడుగుదాకా తొక్కి, బ్రేకు వేసి, న్యూట్రల్ చేసి, రెండు కాళ్ళూ తీసి పక్కన పెట్టుకున్నాను.

బండి ఆగింది. పాట ముందుకు పోతోంది. పది అడుగులు. ఇరవై అడుగులు. సమాధానం అన్న వెనక్కి తిరిగాడు. చేతిలో మైకు ఉన్న సంగతి ఆయనకు గుర్తు లేదు.

"బెన్హరూ! ఆపబాక! ఆపబాకంటే!"

ఆ మాట నా నెత్తి మీది స్పీకరులోంచి ఊరంతా మోగింది. పాట ఆగిపోయింది. ఎక్కడో కుక్క మొరిగింది. నేను తల బయటికి పెట్టాను, కానీ నాకంటే ముందు పైనుంచి పోలేరమ్మ గొంతు వచ్చింది. ఆవిడకు మైకు అక్కర్లేదు.

"ఎందుకబ్బా అట్ల అరస్తా ఉండావు?"

"ఆగకూడదు పెద్దమ్మా. నీకు తెలవదా?"

"నాకు చదువు రాదు. నువ్వు చదివినోడివి, చెప్పు. యేసయ్యను మోసిన గాడిద యాడా ఆగలేదని రాసుండాదా?"

స్పీకరులో సమాధానం అన్న ఊపిరి వినిపించింది.

"దారిలో గుడ్డలు పరిచినారంట గదా. గాడిద ఆగకుండా పోతా ఉంటే కాళ్ళ కింద ఎట్ల పరిచినారు? ఆగినప్పుడే గదా పరిచేది?"

వెనక కుర్చీల్లో నవ్వులు మొదలయ్యాయి. ముందు నిలబడ్డ ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"అది గాడిద పెద్దమ్మా," అన్నాడాయన.

"గాడిదకుండే సుఖం బెన్హరు బండికి లేకపాయెనే!" ఆవిడ మట్టను ఆయన వైపు చాచింది. "ఇంకో మాట. దింపుడు కళ్ళం చచ్చినోళ్ళకు నాయనా. మేం బతికే ఉండాం. కావాలంటే వచ్చి చెవిలో పిలువు, పలకతాం."

ఆ మాటకు ఊరేగింపంతా నవ్వింది. పాస్టరు గారు పుస్తకం అడ్డం పెట్టుకున్నారు. సమాధానం అన్న ఒక్కడే నవ్వలేదు. ఆయన మొహం చూస్తూ నేను తాళం మీద చెయ్యి వేసి కూర్చున్నాను. ఆయన కాదంటే ముసలమ్మలను దించి ఇళ్ళకు చేర్చేవాణ్ణి. ప్లేటును మాత్రం కాల్చేవాణ్ణి కాను.

ఆయన మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "రెండో చరణం," అన్నాడు. "చరణం అయిందాకా మనం నడస్తాం. పల్లవికి నిలబడి పాడతాం. బండి అప్పుడు వచ్చి కలుసుకుంటది."

అట్నే జరిగింది. వాళ్ళు చరణం పాడుతూ ముప్పై అడుగులు పోయేవాళ్ళు. పల్లవికి నిలబడి మట్టలు ఊపేవాళ్ళు. నేను కాలు వదిలి, మెల్లగా వాళ్ళ దాకా పోయి ఆగేవాణ్ణి. బండి ఆగిన ప్రతిచోటా ఇళ్ళల్లోంచి జనం బయటికి వచ్చారు. కుర్చీల్లో వాళ్ళ చేతులు పట్టుకుని పలకరించారు, నీళ్ళిచ్చారు. బండి ఆగకుండా పోయినన్నాళ్ళూ ముసలమ్మలు ఊరిని చూశారు గానీ, ఊరు వాళ్ళను పలకరించలేకపోయింది. అది నాకు ఇన్నేళ్ళూ తట్టలేదు. మంచినీళ్ళ ట్యాంకు దగ్గర క్రీస్తురాజు ఒక టవలు తెచ్చి నా ముందు చక్రం కింద పరిచాడు. "గాడిదకు సార్," అన్నాడు.

చర్చి ముందు మలుపు దగ్గర కాబిన్ రేకు మీద టక్‌మని చప్పుడైంది. నా కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోయింది. రెండో చప్పుడు కోసం చూశాను. రాలేదు.

"ఏం పెద్దమ్మా, కుదిపిందా?"

"లేదబ్బయ్యా. మట్ట తగిలింది. పోనీ."

అందరినీ దించాక బండి కిందికి వంగి వాసన చూశాను. ఈత మట్టల వాసన, దుమ్ము వాసన. మాడు వాసన లేదు. లేచేసరికి సమాధానం అన్న ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ఇక మీద ఎవురినన్నా మట్టికి తీసకపొయ్యేటప్పుడు గూడా ఇట్నే ఆపుతావా?"

"మీరు ఒప్పుకుంటే అన్నా."

ఆయన తన మట్టను మడిచి సిలువలా చేయసాగాడు.

"పాటలో ఊపిరి తీసుకునేదానికి ఆగుతాం. దాన్ని పాట ఆపినాడు అనరు గదా," అన్నాడు చివరికి. "మా తాత గూడా ఊపిరి తీసుకోకుండా పాడలేదులే. కానీ యాడ ఆపాలో నేను చెప్తా. నువ్వు చెప్పబాక."

"సరే అన్నా."

ఆయన చేతిలోని సిలువను బండి అద్దం దగ్గర పెట్టి లోపలికి పోయాడు. నేను కుర్చీల తాళ్ళు విప్పడం మొదలుపెట్టాను. తెల్లవారితే నాయుడుపేటలో అరవై బస్తాలు ఎదురు చూస్తుంటాయి.